ఇంజన్ వేడి ఎక్కడ ఆగిపోయింది?



గుజరాత్‌లోని సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున అమ్రోలి అనే ప్రాంతం ఉంది. దానికి దగ్గరలోనే ఉత్రాణ్ ఉంది. ఉత్రాణ్‌లోని గ్యాస్ విద్యుత్ కేంద్రంలో అడుగు వెడల్పుగా, నడుము సన్నగా ఉన్న ఒక కూలింగ్ టవర్ దాదాపు 30 ఏళ్ల పాటు నిలబడి ఉండేది. దాని ఎత్తు 85 మీటర్లు. 2023 మార్చి 21న దాన్ని పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. మీలో కొందరు ఆ దృశ్యాన్ని టీవీలో చూసే ఉంటారు.

ఆ టవర్ కరెంటు తయారుచేసేది కాదు. కేంద్రంలో మిగిలిపోయిన వేడిని గాలిలోకి వదలడమే దాని పని. వేడి నుంచి కరెంటు తీయడానికి కట్టిన కేంద్రమే, వేడిని పారేయడానికి అంత పెద్ద కట్టడం ఎందుకు కట్టుకోవలసి వచ్చింది? ఉష్ణగతిక శాస్త్రంలోని రెండో నియమం మీరు చదువుకున్నారు. ఏ ఉష్ణయంత్రమూ తనకు అందిన వేడినంతటినీ పనిగా మార్చలేదు. కొంత భాగాన్ని చల్లని చోట విడిచిపెట్టి తీరాలి. విద్యుత్ కేంద్రానికి ఎంతో కారు ఇంజన్‌కూ అంతే. కారులో ఆ టవర్ చేసే పనిని ముందుభాగంలో ఉండే రేడియేటర్ చేస్తుంది. టవర్ నీటిని కొంత ఆవిరిగా పోనిస్తుంది, రేడియేటర్ మాత్రం నీటిని పోనివ్వకుండా వేడిని మాత్రమే పంపుతుంది. తేడా అంతే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక చిన్న పెట్రోలు కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతోంది, లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తోంది అనుకోండి. గంటకు 3 లీటర్ల పెట్రోలు కాలుతుంది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అంటే గంటకు 96 మెగాజౌళ్లు, సెకనుకు దాదాపు 27 కిలోజౌళ్లు. ఇందులో రమారమి మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మరో మూడో వంతు కంటే కాస్త తక్కువే చక్రాలకు అందుతుంది. తక్కినది ఇంజన్ చుట్టూ తిరిగే నీటిలోకి చేరుతుంది. అది 9 కిలోవాట్లు అనుకుందాం. మీ ఇంట్లో బకెట్‌లో వేసి నీళ్లు కాచే హీటర్ రాడ్డు 1500 వాట్లది అయితే, అలాంటివి ఆరు రాడ్లు ఒకేసారి వేసినట్టు! కానీ అక్కడ ఉన్నది బకెట్ కూడా కాదు, సుమారు 4 లీటర్ల నీరు.

నీటి విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 4.18 కిలోజౌళ్లు. కాబట్టి ఆ 4 లీటర్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 16.7 కిలోజౌళ్లు చాలు. సెకనుకు 9 కిలోజౌళ్లు వచ్చిపడుతుంటే, సెకనుకు అర డిగ్రీకి పైగా పెరుగుతుంది. రేడియేటర్ పని చేయడం మానేస్తే, 90 డిగ్రీల దగ్గరున్న నీరు 118 డిగ్రీలకు చేరడానికి నిమిషం కూడా పట్టదు. ఇంజన్‌లోని ఇనుము, అల్యూమినియం కూడా కొంత వేడిని తాగుతాయి కనుక వాస్తవంలో ఇంకొంచెం వ్యవధి ఉంటుంది. ఎంత ఉన్నా, మీటరు ముల్లు ఎర్రగీత దాటాక “ఇంకో నాలుగు కిలోమీటర్లే కదా, ఇంటికి వెళ్లిపోదాం” అనుకునేంత వ్యవధి మాత్రం ఉండదు. ఆ నాలుగు కిలోమీటర్లలోనే సిలిండర్ హెడ్ వంగిపోతుంది, హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది. రెండు వందల రూపాయల గొట్టంతో పోవలసిన ఖర్చు వేలల్లోకి వెళ్లేది అక్కడే.

ఇంజన్‌లో పుట్టిన వేడి ఏ దారిలో బయటికి పోతుందో ఇప్పుడు చూద్దాం. సిలిండర్ గోడ నుంచి నీటిలోకి వస్తుంది. ఆ నీటిని పంపు తోస్తుంది. దారిలో థర్మోస్టాట్ అనే తలుపు ఉంటుంది. అది తెరుచుకుంటే నీరు పైగొట్టం గుండా రేడియేటర్‌లోకి వెళుతుంది. అక్కడి సన్నని గొట్టాల నుంచి వేడి రేకుల్లోకి, రేకుల నుంచి గాలిలోకి పోతుంది. ఆ గాలిని వేగంగా వెళుతున్నప్పుడు కారు కదలికే తెస్తుంది, ఆగినప్పుడు ఫ్యాను తెస్తుంది. చల్లబడిన నీరు కిందిగొట్టం గుండా తిరిగి పంపుకు చేరుతుంది. ఇంజన్ వేడెక్కిందంటే ఈ దారిలో ఎక్కడో ఒకచోట వేడి ఆగిపోయిందన్నమాట. మెకానిక్ చేసేదైనా, మీరు చేయవలసిందైనా ఆ చోటును వెతకడమే. భాగాలను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవడం వెతకడం కాదు, అది జేబుకు చిల్లు.

అయితే అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పాలి. వేడిగా ఉన్న ఇంజన్ మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి. ఎందుకో లెక్కతోనే చూపిస్తాను. ప్రెషర్ కుక్కర్‌లో పప్పు త్వరగా ఎందుకు ఉడుకుతుందో మీకు తెలుసు. పీడనం పెరిగితే మరుగు స్థానం పెరుగుతుంది. రేడియేటర్ మూత కూడా ఒక కుక్కర్ మూతే. అందులో ఉన్న స్ప్రింగు సాధారణంగా వాతావరణ పీడనం మీద మరో 0.9 కిలోల పీడనాన్ని నిలబెడుతుంది. దాంతో నీరు 100 దగ్గర కాక 118 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఇప్పుడు లోపల నీరు 115 డిగ్రీల దగ్గర, మరగకుండా ప్రశాంతంగా ఉంది. మీరు మూత తిప్పారు. పీడనం ఒక్కసారిగా పడిపోయింది. ఆ క్షణంలో నీరు 100 డిగ్రీలకు దిగిపోవాలి. మిగిలిన 15 డిగ్రీల వేడి, అంటే 4 లీటర్లకు 250 కిలోజౌళ్లు, కొంత నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. నీటి బాష్పీభవన గుప్తోష్ణం కిలోకు 2257 కిలోజౌళ్లు. భాగిస్తే 110 గ్రాముల నీరు. ఒక చిన్న గ్లాసుడే! కానీ ఆవిరిగా మారితే అది 180 లీటర్లకు పైగా జాగా ఆక్రమిస్తుంది. ఒక పెద్ద డ్రమ్ముడు ఆవిరి, తనతోపాటు మిగిలిన మరిగే నీటిని నెట్టుకుంటూ, అరచేయంత రంధ్రం లోంచి మీ ముఖం మీదికి వస్తుంది. పూర్వం అంబాసిడర్ నడిపే డ్రైవర్లు తడి గోనెపట్టా వేసి మూత తిప్పేవారు. ఆ విద్య మీరు నేర్చుకోనక్కరలేదు. కనీసం ముప్పావు గంట ఆగండి. పైగొట్టాన్ని చేత్తో ముట్టుకుంటే చల్లగా, నొక్కితే మెత్తగా ఉన్నప్పుడు మూత తీయండి. కొత్త కార్లు కొన్నింటిలో రేడియేటర్ మీద మూత ఉండదు, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మీదే ఉంటుంది. ఆ డబ్బాలోనూ పీడనం ఉంటుంది కనుక అదే జాగ్రత్త.

మన తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పని మీద సూరత్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపిన నగరపాలిక అది. వేసవి సెలవులకు ఆ కుటుంబాలు కార్లలో సొంత ఊళ్లకు బయలుదేరితే, ధూలే వెళ్లే దారిలో నవాపూర్ దాటాక కొండాయిబారి ఘాట్ ఎక్కాలి. కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ వేసి ఉంది, ముందు ఒక లారీ నెమ్మదిగా పాకుతోంది. ఇంజన్ మీద భారం ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. ముల్లు పైకి లేవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. అలాంటప్పుడు మొదట ఏసీ ఆపండి. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందే ఉంటుంది కనుక రేడియేటర్‌కు అందే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. కారులో హీటర్ ఉంటే దాన్ని పూర్తిగా తిప్పండి. మే నెలలో హీటరేమిటని ఇంట్లోవాళ్లు కోప్పడతారు. కానీ అది కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత లోపలికి లాగుతుంది. అయినా ముల్లు దిగకపోతే, రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆపి ఇంజన్ ఆఫ్ చేయండి. కాలిపోతున్న ఇంజన్ మీద చల్లని నీళ్లు కుమ్మరించకండి. ఒకవైపు హఠాత్తుగా సంకోచించిన లోహం పగలవచ్చు.

ఇదే సందర్భంలో మరో సంగతి. రేడియేటర్ వదిలే వేడి, నీటికీ గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. నీరు 90 దగ్గర, జనవరి ఉదయపు గాలి 15 దగ్గర ఉంటే తేడా 75. మే మధ్యాహ్నం గాలి 40 దగ్గర ఉంటే తేడా 50 మాత్రమే. అంటే అదే రేడియేటర్ సామర్థ్యం మూడో వంతు తగ్గిపోయింది. సగం మూసుకుపోయిన రేడియేటర్ చలికాలమంతా ఏ ఫిర్యాదూ లేకుండా గడిపేసి వేసవిలో బయటపడేది ఇందుకే. వేడి కొత్తదే గాని రోగం పాతది.

ఇప్పుడు ఇంటికి వద్దాం. అమ్రోలి అపార్టుమెంటు కిందనో, వరంగల్‌లో మీ ఇంటి ముందో, రాత్రంతా ఆగి ఉన్న కారును ఉదయాన్నే పరీక్షించాలి. పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి. మొదటి పని బానెట్ ఎత్తడం కాదు, ఒక ప్రశ్న అడగడం: ముల్లు ఎప్పుడు లేచింది? సిగ్నళ్ల దగ్గర, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు లేచి, వేగం అందుకోగానే దిగిపోతుంటే అనుమానం ఫ్యాను మీదికి వెళుతుంది. ఎందుకంటే వేగం ఫ్యాను చేయవలసిన పని చేసిపెడుతోంది. దీనికి భిన్నంగా హైవే మీద వేగంగా పోతున్నప్పుడే లేస్తుంటే గాలికి కొదవ లేదు, నీటి ప్రవాహానికే కొదవ. నీరు తగ్గి ఉండాలి, లేదా రేడియేటర్ లోపల పూడుకుని ఉండాలి, లేదా పంపు సరిగా తోయడం లేదు. బండి తీసిన అయిదు పది నిమిషాలకే లేస్తుంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు, అసలు నీరే లేకపోయినా కావచ్చు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు సరిగ్గా దొరికితే సగం పని అయిపోయినట్టే.

తరువాత నీరు. పక్క డబ్బాలో రెండు గీతల మధ్య ఉందా చూడండి. అంతటితో ఆగకండి. మూత రబ్బరు పాడైతే డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉండడం సాధ్యమే. చల్లారిన ఇంజన్ కనుక రేడియేటర్ మూత తీసి లోపల చూడండి. నీరు అంచు వరకు ఉండాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. నీరు బాగా తగ్గిపోతే ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఖాళీలో ఉండిపోతుంది. అప్పుడు ఇంజన్ మాడుతున్నా ముల్లు కిందనే ఉండవచ్చు. ముల్లు చల్లగా చూపిస్తూ, హీటర్ నుంచి చల్లగాలి వస్తూ, ఇంజన్ దగ్గర మాడు వాసన వస్తుంటే మీటరును నమ్మకండి.

నీరు తగ్గిందంటే ఎక్కడికో పోయింది. రాత్రి కారు కింద పాత అట్టపెట్టెను విప్పి పరిచి ఉంచితే పొద్దున మరక ఎక్కడ పడిందో చూసి పై భాగాన్ని గుర్తుపట్టవచ్చు. ఏసీ వేసి వచ్చిన కారు కింద రంగులేని నీరు కారడం మామూలే, దానికి భయపడనక్కరలేదు. ఆకుపచ్చగానో, ఎర్రగానో, వేలికి జారుగానో ఉంటే అది కూలెంట్. గొట్టాలను నొక్కి చూడండి. పెళుసుగా ఉన్నా, పగుళ్లున్నా, క్లిప్పుల దగ్గర తెల్లని ఉప్పు మరకలున్నా మార్చవలసిందే. ఇది ఇంట్లో చేసుకోగల పని: కింద తొట్టి పెట్టి కూలెంట్ పట్టుకుని, క్లిప్పులు వదులు చేసి, అదే కొలత గొట్టం బిగించడం. పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి చుక్కలు పడుతుంటే పంపు సీలు పోయినట్టు. దాన్ని మాత్రం మెకానిక్‌కు వదిలేయండి.

రేడియేటర్ రేకులను లైటు వేసి చూడండి. పురుగులు, మట్టి, మగ్గాలున్న వీధుల్లో ఎగిరే నూగు కలిసి కంబళిలా పేరుకుంటాయి. తోట గొట్టంతో, ఎక్కువ ఒత్తిడి లేకుండా, ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దూరుతుంది. రేకులు మెత్తనివి, ఇనుప బ్రష్షు పెట్టకండి.

ఫ్యాను పరీక్ష సులువు. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో వెంటనే ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు చూడండి. ఫ్యూజు బాగుంటే, అదే రకం రిలే మరో చోట ఉంటే, ఉదాహరణకు హారన్‌ది, రెంటినీ అటూ ఇటూ మార్చి చూడవచ్చు. ఫ్యాను తిరిగిందా, లోపం రిలేలో ఉంది. తిరగలేదా, మోటారులోనో తీగల్లోనో ఉంది. ఏసీతో తిరిగి, ఇంజన్ వేడెక్కినప్పుడు తిరగకపోతే సెన్సర్‌ను అనుమానించాలి. ఒక హెచ్చరిక: ఇంజన్ ఆపినా, వేడి ఉంటే ఫ్యాను దానంతట అదే తిరగవచ్చు. అక్కడ చేయి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి.

ఇక థర్మోస్టాట్. భౌతికశాస్త్రం చదివేవారికి ఇంతకంటే ముచ్చటైన వస్తువు కారులో మరొకటి లేదని నా అభిప్రాయం. కరెంటు లేదు, తీగ లేదు. ఒక చిన్న లోహపు బుడ్డిలో మైనం ఉంటుంది. నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర మైనం కరిగి వ్యాకోచించి కడ్డీని నెడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగు మూసేస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పైగొట్టం దాదాపు చల్లగానే ఉండి, కొన్ని నిమిషాల తరువాత ఒక్కసారిగా వేడెక్కితే అది సరిగ్గా తెరుచుకున్నట్టు. ముల్లు పైకి పోతున్నా రేడియేటర్‌కు వెళ్లే గొట్టం చల్లగానే ఉంటే తలుపు తెరుచుకోలేదు. అనుమానం ఉంటే చల్లారిన ఇంజన్ నుంచి దాన్ని విప్పి, ఒక పాత గిన్నెలో నీళ్లు పోసి దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచండి. దాని మీద 82, 88 వంటి అంకె చెక్కి ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో పదిపదిహేను డిగ్రీలలో పూర్తిగా తెరుచుకోవాలి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయండి.

“మనది వేడి దేశం, థర్మోస్టాట్ అవసరం లేదు, తీసి పారేయండి” అనే సలహా మీకు చాలా చోట్ల వినిపిస్తుంది. దాన్ని ఒప్పుకోకండి. బయట గాలి 40 డిగ్రీలు కావచ్చు, ఇంజన్‌కు కావలసింది 90. అది లేకపోతే ఇంజన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది, కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, నూనెలో తేమ చేరుతుంది. కొన్ని ఇంజన్లలోనైతే థర్మోస్టాట్ తీసేస్తే పక్కదారి తెరిచే ఉండిపోయి, నీటిలో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి వచ్చేస్తుంది. చల్లబరచడానికి తీసిన వస్తువే వేడికి కారణమవుతుంది.

నీరు ఏది పోయాలన్నది చిన్న విషయం కాదు. బకెట్‌లో వేసే హీటర్ రాడ్డు మీద కొన్నాళ్లకు తెల్లని పొర కడుతుంది, గమనించారా? బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు అవి. అదే పొర ఇంజన్ గోడల మీద, రేడియేటర్ గొట్టాల్లో కడితే వేడి దాటలేదు. దారిలో గత్యంతరం లేనప్పుడు తాగునీరు పోసి ఇంటికి చేరవచ్చు. తరువాత దాన్ని తీసేసి, ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయాలి. నీటితో కలిపే అమ్మే రకమైతే మళ్లీ నీరు కలపకండి. గ్లైకాల్ మరుగు స్థానాన్ని పెంచుతుంది, అందులోని రసాయనాలు తుప్పును ఆపుతాయి. రంగు చూసి కొనకండి. అన్ని కంపెనీలకూ ఒకే రంగు నియమం లేదు, కారు పుస్తకంలో రాసిన రకమే చూడండి. చల్లారిన ఇంజన్‌లో మెల్లగా పోసి, మూత తీసి ఉంచే, హీటర్ తిప్పి, ఇంజన్‌ను నెమ్మదిగా నడపండి. బుడగలు వచ్చి మట్టం దిగుతుంది, మళ్లీ పోయండి. పైగొట్టం వేడెక్కి బుడగలు ఆగగానే మూత బిగించండి. లోపల గాలి మిగిలితే పని అంతా చేసినా ముల్లు మళ్లీ లేస్తుంది.

మరుగుతున్న నీటితో బండి నడపడం ఒకప్పుడు సహజమే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు తన భర్త తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో వెళ్లినప్పుడు, ఇంజన్ చుట్టూ ఉన్న నీరు ఆవిరైపోతుంటే దారి పొడవునా మళ్లీ మళ్లీ నింపుకుంటూ వెళ్లవలసి వచ్చింది. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన మెర్సిడెస్ కారులో తేనెపట్టులాంటి రేడియేటర్ వచ్చింది. అందులో 8070 చిన్న గొట్టాలు ఉండేవి. నీరు పోగొట్టుకోకుండా వేడిని మాత్రమే పోగొట్టే దారి అలా ఏర్పడింది. కనుక ఈనాటి కారులో నీరు మాటిమాటికీ తగ్గుతుంటే, పోసుకుంటూ తిరగడం పరిష్కారం కాదు.

బయట ఎక్కడా చుక్క పడకుండా నీరు తగ్గుతుంటే అది లోపలికే పోతోంది. పొద్దున స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే పైగొట్టం గట్టిపడడం, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు రావడం, ఎంతసేపైనా తగ్గని తీపి వాసన తెల్లపొగ, ఇంజన్ ఆయిల్ మూత కింద మీగడలాంటి పదార్థం, ఇవి హెడ్ గ్యాస్కెట్ పోయిన గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం అక్కడితో ఆపండి, కారును నడపకుండా లాగించుకుని తీసుకువెళ్లండి. ముల్లు ఎప్పుడు లేచింది, ఎంత నీరు పట్టింది, ఫ్యాను తిరిగిందా లేదా, ఏ గొట్టం ఎప్పుడు వేడెక్కింది, కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇవ్వండి. తీసిన పాత కూలెంట్‌ను కాలువలో పారబోయకండి. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు, చిన్నపిల్లలు తాగే ప్రమాదం ఉంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పైన పేరు రాసి, అదే మెకానిక్‌కు అప్పగించండి.